మట్టిలో పడుకుని తొలకరికి లేచే కప్ప

రోహిణి కార్తెలో మెట్ట పొలంలో గుంత తవ్వేటప్పుడు మట్టిగడ్డ ఒకటి కదలడం ఎప్పుడైనా చూశారా? చూసే ఉంటారు. పార దెబ్బకి పైకొచ్చిన ఆ గడ్డని కాలితో తోస్తే దానికి కళ్ళుంటాయి. అది గడ్డ కాదు, కప్ప. చుట్టుపక్కల మైలు దూరంలో నీళ్ళుండవు. పైన నలభై మూడు డిగ్రీల ఎండ. మరి కప్ప అక్కడికెలా వచ్చింది? ఏం తిని బతికింది? దానివల్ల మనకేమైనా లాభముందా? ఈ వారం పాఠం దాని గురించే.

ఈ సంగతి రాయాలని నాకు అనిపించింది జంగారెడ్డిగూడెం వైపు ఒక మామిడి తోటలో. మే నెలాఖరు. మొక్కలు పెట్టడానికి గుంతలు తీస్తున్నారు. రెండడుగుల లోతు దాటాక ఒక గుంతలోంచి బూడిద రంగు ముద్ద ఒకటి బయటపడింది. కూలికొచ్చిన కుర్రాడు రాయనుకుని విసరబోయాడు. తోట పెద్దాయన ఆపాడు. "ఉండ్రా అబ్బాయ్, అది ప్రాణం ఉన్నది. వాన కోసం కాసుకుని కూర్చుంది, మనలాగే" అన్నాడు. దాన్ని చెట్టు నీడన తడిమట్టిలో పెట్టారు. మేం టీ తాగి వచ్చేసరికి లేదు. వెనక్కి వెనక్కి జరుగుతూ మళ్ళీ మట్టిలోకి దిగిపోయింది.

ఉభయచరాలు మూడు రకాలు

ఇంటర్లో జువాలజీ చదివిన వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ల్యాబులో గాజు సీసాల్లో మూడు రకాల ఉభయచరాలు ఉండేవి. తోక లేని కప్ప ఒకటి. తోక ఉండి బల్లిలా కనిపించే సాలమాండర్ ఒకటి. అసలు కాళ్ళే లేక వానపాములా ఉండే సిసీలియన్ మూడోది. మూడింటికీ తడి చర్మమే ప్రాణం. చర్మం ఎండిందా, ప్రాణం పోయినట్టే. అందుకే ఈ మూడు రకాల్లోనూ మట్టిలో దాక్కునేవి ఉన్నాయి.

సాలమాండర్ మన ప్రాంతంలో లేదు. మన దేశంలో డార్జిలింగ్ వైపు హిమాలయ కొండల్లో ఉంటుంది. అమెరికా అడవుల్లో మాత్రం చాలా రకాలున్నాయి. అక్కడ మచ్చల సాలమాండర్ అనేది ఏడాదిలో ఎక్కువ కాలం అడవి నేల కింద, వేరే జంతువులు తవ్విన బొరియల్లో గడుపుతుంది. చలి తగ్గి మొదటి వాన పడిన రాత్రి గుంపులుగా బయటికొచ్చి, వాన నీళ్ళు నిలిచిన మడుగులకు చేరి గుడ్లు పెట్టి తిరిగి మట్టిలోకి పోతుంది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆమ్హర్స్ట్ ఊళ్ళో ఇవి రోడ్డు దాటుతూ బళ్ళ కింద పడి చస్తున్నాయని 1987లో రోడ్డు కింద చిన్న సొరంగాలు కట్టారు.

కాళ్ళు లేని సిసీలియన్ మన తూర్పు కనుమల్లోనే ఉంది. ఆంధ్ర, ఒడిశా కొండల్లో సుమారు 1,200 మీటర్ల ఎత్తున దొరికిన ఒక కొత్త రకానికి 2013లో శాస్త్రజ్ఞులు గెగెనియోఫిస్ ఓరియంటాలిస్ అని పేరు పెట్టారు. మన్యంలో తోట తవ్వేటప్పుడు ఒంటినిండా ఉంగరాలున్నట్టు మెరిసే పొడుగాటి ప్రాణి కనబడితే పామనుకుని చంపకండి. దానికి విషపు కోరలు లేవు. చెదలు, వానపాములు తిని బతుకుతుంది.

మన మెట్ట పొలాల్లో మట్టిలో ఉండేది మాత్రం కప్పే. దాని సంగతి వివరంగా చూద్దాం.

ఏ కప్పలు మట్టిలో దాగుతాయి?

మన పల్లెల్లో బోదురుకప్ప అందరికీ తెలుసు. వానాకాలంలో మగది పసుపుపచ్చగా మారి, రెండు దవడల పక్క నీలం సంచులు ఉబ్బించి అరుస్తుంది. అది నీటి అంచున ఉండే కప్ప. ఈ రోజు చెప్పుకునేవి వేరు. వీటిలో ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది స్ఫీరోథెకా బ్రెవిసెప్స్. రెండంగుళాలకి అటూ ఇటూ ఉంటుంది. పొట్టి మూతి, బొద్దు ఒళ్ళు, మట్టి రంగు. చాలావాటికి వీపు మధ్యలో సన్నని లేత గీత ఉంటుంది. ఇసుక నేలలు, ఎర్ర నేలలు దీనికిష్టం.

రెండోది యుపెరోడాన్ సిస్టోమా. ఇంగ్లీషులో బెలూన్ కప్ప అంటారు. పేరుకి తగ్గట్టే ముట్టుకుంటే గాలి పీల్చి గుండ్రంగా ఉబ్బుతుంది. తల చిన్నది, నోరు మరీ చిన్నది. ఒళ్ళు నున్నగా, పాలరాయి మీది చారల్లాంటి మచ్చలతో ఉంటుంది. ఈ రెండింటికీ శాస్త్రీయ నామం పెట్టి 1799లో లోకానికి తెలిపినవాడు ష్నైడర్ అనే జర్మన్ పండితుడు.

మూడోది యుపెరోడాన్ టాప్రొబానికస్. ముదురు గోధుమ ఒంటి మీద ఇటుక రంగు పట్టీలుంటాయి. ఇది మట్టిలో దిగడమే కాదు, వేళ్ళ చివర వెడల్పుగా ఉండటంతో చెట్టు కూడా ఎక్కగలదు. చెట్టు తొర్రలో దొరికిన కప్పంటే చాలాసార్లు ఇదే.

నాలుగోది చిన్నది, ఒకటిన్నర అంగుళం లోపే. పేరు యుపెరోడాన్ వేరిగేటస్. గోడ సందుల్లో, చెదపుట్టల్లో, రాలిన ఆకుల కింద దాగుతుంది. దీని గురించి మన జిల్లా వాళ్ళం గర్వంగా చెప్పుకోదగ్గ మాట ఒకటుంది. 1872లో ఫెర్డినాండ్ స్టోలిచ్కా అనే శాస్త్రజ్ఞుడు ఈ కప్పను కొత్త రకంగా గుర్తించి ప్రకటించాడు. ఆయన కలకత్తాలో భూగర్భ సర్వే శాఖలో పనిచేసేవాడు. ఆయన వర్ణించిన కప్ప దొరికిన చోటు ఎల్లూరు, అంటే మన ఏలూరే! ప్రపంచంలో ఎక్కడ ఈ కప్ప గురించి రాసినా మన ఊరి పేరు రాయక తప్పదు.

కాలిలోనే పార

మనం పలుగూ పారా పట్టుకుని ముందుకు తవ్వుతాం. కప్ప వెనక్కి తవ్వుతుంది. స్ఫీరోథెకా కప్పను ఎప్పుడైనా పట్టుకుంటే వెనక పాదం అడుగున చూడండి. లోపలి వేలి మొదట్లో గట్టిగా, అంచు పదునుగా ఒక బొడిపె ఉంటుంది. అచ్చం పార ఆకారమే. ఆ రెండు పారలతో ఒకసారి ఈ కాలు, ఒకసారి ఆ కాలు మార్చి మార్చి మట్టిని పక్కలకి నెడుతుంది. వెనక భాగం ముందు దిగుతుంది. పైమట్టి దానంతటదే తల మీద జారి పడుతుంది. అందుకే కప్ప దిగిన చోట కన్నం కనబడదు. ఎలుక బొరియకీ కప్ప దాగిన చోటుకీ తేడా ఇదే.

వానాకాలంలో పగలు కొద్ది అంగుళాల లోతులోనే ఉంటుంది. చీకటి పడ్డాక మేతకి పైకొస్తుంది. నేల ఆరే కొద్దీ తేమను వెతుక్కుంటూ లోతుకి పోతుంది. ఎండాకాలం దుక్కిలో కప్పలు తగలకపోవడానికి కారణం ఇదే. నాగలి లోతు కంటే అవి కిందుంటాయి.

ఎండాకాలం అంతా ఎలా బతుకుతుంది?

కప్ప నోటితో నీళ్ళు తాగదు. ఈ మాట చాలామంది నమ్మరు గానీ నిజం. పొట్ట కింద, తొడల దగ్గరి పలచటి చర్మంతో తడిమట్టిలోంచే నీటిని పీల్చుకుంటుంది. ఊపిరితిత్తులున్నా చర్మంతోనూ గాలి పీల్చుకుంటుంది. అందుకే చర్మం మీద ఏ మందు పడినా నేరుగా ఒంట్లోకి పోతుంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మట్టిలో ఉన్నన్నాళ్ళూ కదలదు, తినదు. ఒంట్లో పనులన్నీ బాగా నెమ్మదిస్తాయి. దీన్నే పుస్తకాల్లో గ్రీష్మకాల సుప్తావస్థ అంటారు. మన పాత రోజుల్లో గాదెలో గింజలు దాచుకుని ఆరు నెలలు నెట్టుకొచ్చినట్టు, వానాకాలంలో తిని దాచుకున్న కొవ్వుతో కప్ప వేసవి దాటుతుంది. అంటే వానాకాలంలో మేత దొరక్కపోతే వేసవిలో చస్తుంది. పొలంలో పురుగు లేకుండా చేస్తే ఆ దెబ్బ కప్పకు తగిలేది ఆరు నెలల తర్వాత. అందుకే మన కంటికి కనబడదు.

వాన పడిందని దానికి ఎలా తెలుస్తుంది?

ఇది అందరూ అడిగే ప్రశ్న. మన కప్పల్లాగే మట్టిలో బతికే కప్పలు అమెరికా ఎడారుల్లో ఉన్నాయి. వాటి మీద 1980లో వచ్చిన ఒక పరిశోధనలో విచిత్రమైన సంగతి తేలింది. నేల తడవకపోయినా, మోటారు పెట్టి నేలకి అదురు పుట్టిస్తే చాలు, కప్పలు పైకొచ్చాయట! చినుకులు నేలని కొట్టే దరువే వాటికి కబురన్నమాట.

మన పెద్దలు వానకీ కప్పకీ ముడిపెట్టింది ఊరికే కాదు. వానలు రాకపోతే కప్పను రోకలికి వేపాకులతో కట్టి ఇంటింటికీ తిప్పి నీళ్ళు పోయించే కప్పతల్లి ఆట ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో ఉంది. కప్ప అరిస్తే వాన వస్తుందనేది పెద్దల నమ్మకం. శాస్త్రం చెప్పేదేమంటే వాన వచ్చింది గనక కప్ప అరుస్తుంది. ఏది ముందైనా కప్ప అరుపు విన్న రైతు గుండె నెమ్మదిస్తుంది, అది మాత్రం నిజం. ఆట ఆడినవాళ్ళు ఆ తర్వాత కప్పను ఎండలో వదిలెయ్యకుండా తడి ఉన్న చోట విడిచిపెడితే పుణ్యం, ఫలం రెండూ దక్కుతాయి.

నాలుగు వారాల సంసారం

తొలకరి పడిన రాత్రి మగ కప్పలు ముందుగా నీటి గుంటలకు చేరతాయి. బెలూన్ కప్ప నీటి మీద తేలుతూ, గొంతు సంచి ఉబ్బించి అరుస్తుంది. ఆ అరుపు విని ఆడది వస్తుంది. గుడ్లు నీటి మీద పలచటి పొరలా తేలతాయి. పొదిగి తోకకప్పలు వస్తాయి. ఇవి నీటిలో కంటికి కనబడని నాచును వడగట్టుకుని తింటాయి. కాళ్ళు మొలిచి, తోక కరిగి, చిన్న కప్పలై గట్టెక్కాలి. ఇదంతా గుంట ఎండిపోయేలోపు జరగాలి.

మరి చెరువు ఉండగా గుంటలెందుకు? చెరువులో చేపలుంటాయి. కొరమేను, జెల్ల తోకకప్పల్ని బతకనివ్వవు. నాలుగు వారాలు నిలిచి ఎండిపోయే గుంటలో చేప ఉండదు. అందుకే ఏడాదికి పది నెలలు పనికిమాలిందిగా కనిపించే ఆ పల్లపు గుంటే కప్పకు పురిటిల్లు. దాన్ని మట్టితో పూడిస్తే పక్కనే పెద్ద చెరువున్నా ఈ కప్పకి లాభం లేదు.

మా ఊరి పొలిమేరలో అలాంటి కుంట ఉండేది. చిన్నప్పుడు తొలకరి రాత్రి ఆ అరుపులకి ఇంట్లో మాట వినబడేది కాదు. మా నాయనమ్మ "పడుకోండర్రా, రేపు ఏరువాక" అనేది. ఎనిమిదేళ్ళ కిందట ఆ కుంటను మెరక చేసి ప్లాట్లు వేశారు. అమ్మినవాళ్ళలో మా బంధువులూ ఉన్నారు. ఆ డబ్బుతో పిల్లల చదువులు గడిచాయి, తప్పుపట్టలేను. మొదటి ఏడాది కప్పలు వచ్చాయి. కుంట ఉన్న చోటనే రోడ్డు మీద చేరి అరిచాయి. తెల్లారేసరికి బళ్ళ కింద నలిగి ఉన్నాయి. రెండో ఏడాది కొన్నే వచ్చాయి. ఇప్పుడు తొలకరి రాత్రి మా వీధిలో వాన చప్పుడు ఒక్కటే వినబడుతుంది.

రైతుకి లాభమేమిటి?

బెలూన్ కప్ప ముఖ్యాహారం చెదలు, చీమలు. దాని చిన్న నోరు అందుకే. తొలి వానకి ఉసుళ్ళు లేస్తాయి గదా, వీధి దీపం కింద చేరే కప్పల్ని చూడండి. ఒక్కో ఉసుల జంట ఒక కొత్త చెదపుట్టకి విత్తనం. స్ఫీరోథెకా కప్ప పేడపురుగులు, మిడతలు, గొంగళి పురుగులు ఏది కదిలితే అది మింగుతుంది. పగలు పిట్టలు చేసే పని రాత్రి ఇవి చేస్తాయి. కప్పలు తవ్వడం వల్ల మట్టి కొంత గుల్లబారుతుంది కూడా.

కప్ప ఉన్న చోట జెర్రిపోతు తిరుగుతుంది. జెర్రిపోతు కప్పలతోపాటు ఎలుకల్ని తింటుంది, మనిషికి విషం లేనిది. ఒక్క కప్ప పోతే వెనక ఎన్ని పోతాయో చూడండి.

కప్పలుంటే మందు కొట్టక్కరలేదని నేను అనను. అలా రాస్తే రైతును మోసం చేసినట్టే. చెదలు బాగా పట్టిన తోటని కప్పలు కాపాడలేవు. కానీ జీతం అడగని కాపలాదారుల్ని మన చేత్తో మనమే చంపుకోవడం తెలివైన పని కాదు గదా!

ఈ తప్పు దేశం ఒకసారి చేసింది. కప్ప కాళ్ళను విదేశాలకు ఎగుమతి చేసే వ్యాపారం 1980ల మొదట్లో ఏడాదికి 4 వేల టన్నులు దాటింది. పట్టింది ఎక్కువగా బోదురుకప్పల్నే. పొలాల్లో పురుగు పెరుగుతోందని, మందుల ఖర్చు పెరుగుతోందని గోల పుట్టాక 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతి నిషేధించింది. ప్రపంచం మొత్తం మీద ఉభయచరాల్లో నూటికి 41 రకాలు అంతరించే ముప్పులో ఉన్నాయని 2023లో వచ్చిన లెక్క చెబుతోంది. స్ఫీరోథెకా కప్ప ఇంకా ఆ జాబితాలో లేదు. లేనప్పుడే జాగ్రత్త పడాలి.

అపోహలు

కప్పను ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయంటారు. రావు. పులిపిర్లు వైరస్ వల్ల మనిషి నుంచి మనిషికి అంటుకుంటాయి. అయితే బెలూన్ కప్ప భయపడితే ఒంటి మీద జిగురు వస్తుంది. అది కంటికి తగిలితే మండుతుంది. పట్టుకుంటే చేతులు కడుక్కోండి, చాలు. కప్ప మూత్రం పడితే కళ్ళు పోతాయనేదీ అపోహే. అది ఎండాకాలం కోసం దాచుకున్న నీరు. భయపడి వదిలేస్తుంది. వేసవిలో కప్పను బెదిరించి ఆ నీరు పోగొడితే అది చచ్చే ప్రమాదం ఉంది.

మీరు చేయగలిగినవి

ఒకటి: పొలంలో పల్లంగా ఉండి ఎలాగూ పంట రాని మూల ఉంటే పూడ్చకండి. వాన నీరు నాలుగైదు వారాలు నిలిచేట్టు ఉంచండి. అందులో చేపపిల్లల్ని వదలకండి.

రెండు: గుళికల మందు తొలకరికి ముందు చల్లకండి. కప్పలు పైకొచ్చేదీ, మందు నీటిలో కరిగి గుంటకు చేరేదీ ఆ రాత్రే. ఫోరేట్ గుళికల వాడకం 2018 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిషేధం. పాత డబ్బా ఇంట్లో ఉంటే వాడకండి.

మూడు: గ్లైఫోసేట్ కలుపు మందు నీటి గుంట దగ్గర కొట్టకండి. ఆ మందు కలిసిన నీటిలో తోకకప్పలు ఎక్కువగా చచ్చాయని 2005లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞుడు రిక్ రెల్యా ప్రకటించాడు. ఆకుకి అంటుకోవడానికి మందులో కలిపే సబ్బులాంటి పదార్థమే ఎక్కువ హాని చేస్తుందని తేలింది. స్ప్రేయర్ ట్యాంకు గుంటలో కడగవద్దు.

నాలుగు: ఆయిల్‌పామ్, కోకో, మామిడి తోటల్లో రాలిన ఆకుల్ని తగలబెట్టకండి. వరసల మధ్య పరవండి. నేలలో తేమ నిలుస్తుంది, కప్పకు నీడ దొరుకుతుంది, మీకు ఎరువు మిగులుతుంది.

అయిదు: ప్లాస్టిక్ షీటు పరిచిన నీటి కుంటల్లో, గోడలు నిటారుగా ఉన్న బావుల్లో కప్పలు పడితే ఎక్కలేవు. తడిసిన గోనెపట్టా గానీ, తాటి కమ్మ గానీ ఒక పక్క వేలాడదీయండి. పైసా ఖర్చు లేని పని.

ఆరు: తొలి వాన రాత్రి బండి నెమ్మదిగా నడపండి. రోడ్డు మీద గులకరాళ్ళలా కనిపించేవన్నీ రాళ్ళు కావు.

ఏడు: గుంత తవ్వేటప్పుడు కప్ప బయటపడితే కొట్టకండి, ఎండలో వదలకండి. నీడన మట్టి తడిపి అక్కడ పెట్టండి. మిగతా పని అదే చూసుకుంటుంది.

చివరగా ఒక చిన్న పని. వచ్చే మృగశిరలో మొదటి గట్టి వాన పడిన రాత్రి గొడుగేసుకుని పొలం గట్టుదాకా వెళ్ళి పది నిమిషాలు నిలబడి వినండి. ఇంట్లో పిల్లలుంటే వెంట తీసుకెళ్ళండి. ఎన్ని రకాల అరుపులు వినబడ్డాయో తారీఖు వేసి పొలం లెక్కల పుస్తకంలో రాసుకోండి. మరుసటి ఏడాది మళ్ళీ వినండి. అరుపులు తగ్గితే మీ నేలలో ఏదో తేడా వచ్చిందని అర్థం. మట్టి పరీక్షకి మట్టి పంపాలి, ఈ పరీక్షకి చెవులుంటే చాలు.